రాత్రి జేబులో పడ్డ గోలీ

కరీంనగర్,
10 ఆగస్టు 2024, శనివారం.

అన్నకు ఉమ రాసేది,

నువ్వు బాగున్నావని నాకు తెలుసు. పోయిన నెల హాస్టల్ ఫోనులో ఇచ్చిన రెండు నిమిషాలూ అవ్వ కన్నకూతురిని వదిలి నీ ముచ్చటే చెప్పింది. ‘ప్రేమ్ బొగ్గుబాయిల దిగిండు బిడ్డా, ప్రేమ్‌కు లైటు ఇచ్చిండ్రు, బూట్లు ఇచ్చిండ్రు’ అని. నేను అన్నం తిన్నానా లేదా అని అడిగేలోపే వార్డెన్ మేడం ఫోను గుంజుకుంది. అందుకే ఈ ఉత్తరం. పుస్తకం భాషలో రాస్తున్నానని నవ్వకు. మా తెలుగు మేడం చేయి అలవాటు కావాలంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నాకు వారం నుంచి ఒళ్ళు మండుతున్నది.

మా బడిలో ఈ ఏడు సేవా జట్లు అని పెట్టారు. తొమ్మిదో తరగతి వాళ్ళం ఒక్కొక్కరం ఆరో తరగతి పిల్లను ఒకరిని వెంట తీసుకొని, ప్రతి శనివారం బడి వెనక బస్తీకి పోవాలి. అక్కడి వాళ్ళకు పనికొచ్చే పని ఏదైనా ఆ చిన్నపిల్లల చేతనే చేయించాలి. శ్రీహరి సార్ బోర్డు మీద ‘మీరు చేయకండి, చేయించండి’ అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టారు. ఏడాది చివర బాగా చేసిన జట్టును హైదరాబాద్ తీసుకుపోతారట.

మధులిక నీకు యాదికుందా? మా బడి చైర్మన్ భూపాల్‌రావు గారి మనుమరాలు. ఆమెకు ఆమని అనే పిల్ల వచ్చింది. పాట పాడుతుంది, మైకు ఇస్తే మాట్లాడుతుంది, తిరిగి ఇవ్వమంటే ఇవ్వదు. నాకేమో జమున వచ్చింది. చెన్నూరు దగ్గర పల్లె. తల్లి బట్టలు కుడుతుందట. ఆ సంగతి కూడా రిజిస్టర్‌లో చూసి తెలుసుకున్నాను. ఈ పిల్ల మూడు శనివారాల్లో నాలుగు మాటలు మాట్లాడింది. ఆఁ, ఊఁ, తెల్వదు, అక్క. నేను లెక్కపెట్టాను.

ఇదేం న్యాయం అన్నా? చీటీలు తీశామంటారు. చీటీలకు కూడా చైర్మన్ ఎవరో తెలుస్తుందా? సార్‌ను అడిగితే ‘నీకు మాటలెక్కువ, ఆమెకు తక్కువ, కలిస్తే సరిపోతది’ అని నవ్వారు. నా బతుకు ఆయనకు నవ్వులాటగా ఉంది.

బాపు దగ్గు ఎట్లుందో రాయి. నీ గని సంగతి కూడా రాయి, భయమైతే భయమైందని రాయి. అవ్వకు చెప్పను.

కోపంతో,
నీ చెల్లె ఉమారాణి


బెల్లంపల్లి,
18 ఆగస్టు 2024.

చెల్లె ఉమకు ప్రేమ్‌సాగర్ దీవెనలు.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. చీటీల ముచ్చట దగ్గర బాపు నవ్వబోయి దగ్గాడు, దగ్గి మళ్ళీ నవ్వాడు. మందులు వాడుతున్నాడు, ఫికర్ చేయకు.

భయమైందా అని అడిగావు. అయింది. మొదటి రోజు కిందికి దిగుతూ లైటు వెలుగుతున్నదా అని పదిసార్లు చూసుకున్నాను. నన్ను కైలాసం మామకు అప్పజెప్పారు. బాపుతో ఇరవై ఏండ్లు పనిచేసిన మనిషి, మీసం తప్ప ముఖంలో ఏదీ కనబడదు. ఆయన మొదటి వారం నన్ను బొగ్గు ముట్టనివ్వలేదు. ఇనుప మొన ఉన్న కర్ర ఒకటి చేతికిచ్చి పైకప్పు తట్టమన్నాడు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పగిలి ఉంటే డబ్బుమంటుంది. అట్లాంటి చోట నిలబడకూడదు. ‘నువ్వే విని చెప్పరాదె మామా’ అన్నాను. ‘నేను ఇని చెప్తే నీ చెవు ఎప్పుడు నేర్చుకుంటదిరా?’ అని ఒక్కటి ఇచ్చాడు.

ఇంకో పద్ధతి ఉంది. ఏ కాగితం మీదా లేదు కానీ అందరూ పాటిస్తారు. కొత్తవాడిని దింపిన మనిషి, షిఫ్టు అయినాక వాడు పైకి ఎక్కిన తరువాతే తను ఎక్కుతాడు. ఒకరోజు మామకు ఒంట్లో బాగాలేదు, ముందు పొమ్మన్నాను. ‘నిన్ను దింపింది నేను. నువ్వు ఎక్కినంకనే నేను ఎక్కుత’ అని అక్కడే కూర్చున్నాడు.

నీ జమున సంగతికి ఇంత పరేషాన్ ఎందుకు? ఆ పిల్లతో కాకుంటే నువ్వే చేసెయ్యి. నీకు ఓపిక ఎక్కడిది? నేను పతంగికి దారం కడుతుంటే ఆగలేక గుంజి చింపింది నువ్వే కదా. నీతో పడేవాళ్ళ మీద నాకు జాలి.

అవ్వ సకినాలు పంపుతానంటున్నది. వార్డెన్ మేడంకు రెండు పెట్టు, ఫోను నిమిషం ఎక్కువ ఇస్తుంది.

నీ అన్న,
ప్రేమ్


కరీంనగర్,
21 సెప్టెంబర్ 2024, శనివారం.

అన్నా,

సకినాలు అందాయి. మేడం ఆరు తిని కూడా రెండు నిమిషాలే ఇచ్చింది. ఈ లోకంలో లంచానికి కూడా విలువ లేకుండా పోయింది.

మా పని మొదలైంది. బస్తీలో ఉండేవాళ్ళు ఎక్కువమంది గ్రానైటు పాలిష్ పట్టే షెడ్లలో పనికి పోతారు. మన దగ్గర నల్ల దుమ్ము, ఇక్కడ తెల్ల దుమ్ము, అంతే తేడా. పగలు ఇండ్లలో ముసలివాళ్ళే ఉంటారు. అందులో దేవవ్వ అని ఒకామె. బీపీ ఉంది, షుగర్ ఉంది, చదువు లేదు. ‘ఇదొక తెల్ల గోలీ, అదొక తెల్ల గోలీ. నాకేం ఎరుక బిడ్డా? యాదికొచ్చినప్పుడు ఒకటి ఏసుకుంట’ అంది. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. చదువు రాదని ఇప్పుడే చెప్పింది కదా అని నాకు తట్టలేదు.

అప్పుడు జమున నోరు తెరిచింది. ‘అక్క, సూదిదారం ఉన్నదా?’ అంది. వారం తరువాత పాత గుడ్డలతో ఒక సంచి కుట్టి తెచ్చింది. మూడు జేబులు. పొద్దటి జేబు మీద పచ్చ దారంతో సగం సూర్యుడు, పగటి జేబు మీద నిండు సూర్యుడు, రాత్రి జేబు మీద చందమామ. ఆశా వర్కర్ అన్నీ కలిపి ఇచ్చిపోయే గోలీలను ఆ ఆశా వర్కర్ చేతనే ఏ జేబువి ఆ జేబులో పెట్టిస్తాం. పెట్టినాక జమున ఆ ముసలామెనే అడుగుతుంది, ఇది ఎప్పుడు వేసుకుంటవు అని. ఆమె సరిగా చెప్పేదాకా లేవదు. ఒక్కో ఇంట్లో గంట పడుతుంది. నాకు పిచ్చి లేస్తుంది.

ప్రతి సంచి లోపల అంచుకు ఎర్ర దారంతో చుక్క పెడుతుంది. వాళ్ళమ్మ కుట్టే బట్టలకు అట్లాగే పెడుతుందట. ఎందుకే అంటే, ‘కుట్టు ఊడితే ఎవలను అడుగాలె అక్క? నన్ను అడుగాలె గదా’ అంది. ఇంత పెద్ద మాట ఆమె నోట్లో పట్టినందుకు నేను ఆశ్చర్యపోయాను.

ఇప్పటికి ఎనిమిది సంచులు అయినాయి. ఇక చూడు ఏమైందో. వచ్చే నెల చైర్మన్ గారు మా పని చూడటానికి వస్తున్నారు. దానికి బ్యానర్ రాయించారు. పైన చైర్మన్ ఫోటో, పక్కన శ్రీహరి సార్ ఫోటో, కింద ‘మా ఆలోచన, మీ ఆరోగ్యం’. ఎవరి ఆలోచన? సొమ్మొకడిది సోకొకడిది. నా పేరు ఎక్కడా లేదు. నేను ప్రతి శనివారం ఎండలో తిరిగి, ఆ పిల్లతో తల పగలగొట్టుకొని నిలబెట్టిన పని ఇది. మధులిక వాళ్ళు చెట్లకు సున్నం వేస్తున్నారు, వాళ్ళ ఫోటో మాత్రం నోటీసు బోర్డు మీద ఉంది.

దసరాకు వస్తున్నాను. నా కోసం ఏదైనా దాచి ఉంచండి, అంతా నువ్వే తినకు.

పేరులేని పనిమనిషి,
ఉమ


బెల్లంపల్లి,
29 సెప్టెంబర్ 2024.

ఉమా,

నీ సంచుల ముచ్చట మన క్వార్టర్ల లైనులో అందరికీ చెప్పాను. అవ్వ బాపుకు కూడా ఒకటి కుట్టింది. చందమామ కుట్టబోతే కొడవలి అయింది. బాపు దాన్ని చూసి ‘ఇది యూనియన్ సంచా?’ అన్నాడు.

ఒక్కమాట అడుగుతాను. బ్యానర్ మీద నీ పేరు లేదని రెండు పేజీలు రాశావు. జమున పేరు ఉందా మరి? ఊరికే అడిగాను, మళ్ళీ నా మీద లేవకు.

కైలాసం మామ నాలుగు రోజుల నుంచి డ్యూటీకి రావటం లేదు. భుజానికి దెబ్బ తగిలింది. పెద్దది కాదు. ఆ ముచ్చట తరువాత.

తొందరగా రా. అవ్వ బతుకమ్మకు తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో నన్ను పంపి వెతికిస్తున్నది.

ప్రేమ్


కరీంనగర్,
9 నవంబర్ 2024, శనివారం.

అన్నా,

ఈ బడిలో నేను ఇక ఒక్కరోజు కూడా ఉండనని మూడు సార్లు పెట్టె సర్దుకొని మూడు సార్లు తీశాను. అంత కోపంగా ఉంది. మొదటి నుంచి చెప్తాను.

పోయిన నెల ఇరవై ఆరున చైర్మన్ గారు వచ్చారు. ఆరోజు ఆశా వర్కర్ మీటింగ్ ఉందని రాలేదు. చూడు, సరిగ్గా ఆరోజే. సంచులన్నీ ఖాళీగా ఉన్నాయి, ఆమె ముందురోజు ఇచ్చిపోయిన గోలీలు చాపమీదే ఉన్నాయి. శ్రీహరి సార్ గడియారం చూసుకుంటూ ‘ఖాళీ సంచులు ఫోటోల ఏం బాగుంటయి? నింపుండ్రి, జల్ది’ అన్నారు. కార్లు వచ్చేశాయి. సంచులు నిండాయి. చైర్మన్ గారు దేవవ్వ చేతికి సంచి ఇచ్చి ఫోటో దిగారు. ఆమె తల మీద కొంగు సర్దుకునేలోపే ఫోటో అయిపోయింది.

తెల్లారి ఆదివారం. దేవవ్వ తలుపు ఎంత కొట్టినా తీయలేదట. పక్కింటివాళ్ళు తోసుకొని పోయి చూస్తే చెమటలు పట్టి, మాట రాక పడి ఉంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. షుగర్ బాగా పడిపోయిందట. పొద్దున తిన్నాక వేసుకునే గోలీ రాత్రి జేబులో ఉంది. ఆమె రాత్రి గంజి తాగి పడుకునే మనిషి. చందమామను నమ్మి వేసుకుంది. ఇప్పుడు బాగానే ఉంది, ఇంటికి వచ్చింది.

సోమవారం ప్రేయర్‌లో సార్ ఆ సంచి ఎత్తి చూపి ‘ఇది ఎవలు చేసిండ్రు?’ అన్నారు. లోపల ఎర్ర చుక్క ఉంది కదా. జమున ముందుకు వచ్చి ‘నాదే సార్’ అంది. అంతే. ఆరు వందల మంది ముందు అరగంట నిలబెట్టారు. ప్రాణాలతో ఆటలా అన్నారు, ఇంకెవరైనా అయితే పోలీసులు వచ్చేవాళ్ళు అన్నారు. సేవా జట్లు రద్దు. జమున తల్లిని రమ్మని కబురు పెట్టారు. టీసీ చేతిలో పెట్టి పంపిస్తారని పిల్లలు అంటున్నారు. పదకొండేండ్ల పిల్ల అన్నా.

ఎవరిని అనాలో తెలియటం లేదు. ఆశా వర్కర్‌కు ఆరోజే మీటింగ్ రావాలా? సార్‌కు ఫోటో పిచ్చి ఎందుకు? దేవవ్వ అయినా, తినకుండా గోలీ ఎందుకు వేసుకోవాలి? అందరికంటే జమున మీద నాకు కోపం. అడిగినప్పుడు కూడా నోరు తెరవదా? నేల చూస్తూ నిలబడితే ఎవరైనా ఏమనుకుంటారు? మూగదానిలా ఉంటే లోకం తొక్కుతుందని నేను మొదటి రోజే అన్నాను.

మా జట్టు పని మొత్తం బూడిదలో పోసిన పన్నీరు అయింది. నేను ఎంత చేశానో నీకు తెలుసు.

ఉమ


బెల్లంపల్లి,
14 నవంబర్ 2024.

ఉమారాణికి,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. కైలాసం మామ నేర్పినట్టు అక్కడక్కడ తట్టి చూశాను. ఒకచోట డబ్బుమంది.

ఎవరు రాలేదో రాశావు, ఎవరు ఫోటో దిగారో రాశావు, ఎవరు కొంగు సర్దుకున్నారో కూడా రాశావు. ఆ సంచులు ఎవరు నింపారో రాయలేదు. ఒక్కో గోలీకి గంట కూర్చునే పిల్ల, కార్లు వచ్చేలోపు ఎనిమిది సంచులు నింపిందంటే నేను నమ్మను. ఆ సమయంలో జమున ఎక్కడుంది? ఆ ఒక్క మాట చెప్పు.

మామ భుజం ముచ్చట దసరాకు నువ్వు అడిగితే మాట మార్చాను. ఇప్పుడు చెప్తాను. ఆరోజు కప్పు తట్టవలసింది నేను. ముందురోజు తట్టిందే కదా అని వదిలేశాను. మామ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పెచ్చు ఊడి ఆయన భుజం మీద పడింది. అరచేయంత ఇటు జరిగితే తల మీద పడేది. మా షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ వచ్చి ఎవరు చూశారు కప్పు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మామ ‘నేనే చూసిన సార్, నా అందాజ తప్పింది’ అన్నాడు. చార్జిషీటు ఆయన పేరు మీద వచ్చింది. ముప్పై ఏండ్ల పనిలో మొదటిది. ఆయన నన్ను దింపాడు కాబట్టి నన్ను ఎక్కించి తను కింద మిగిలాడు.

మీ దగ్గర ఏం జరిగింది? చిన్నది కింద ఉంది, పెద్దది పైకెక్కి కూర్చొని, ఎందుకు కేక వేయవు అని దాన్నే తిడుతున్నది. చదువుతుంటే సిగ్గేసింది నాకు. ఈ ఉత్తరం అవ్వకు చదవలేదు. బాపుకు అసలే చదవలేదు.

ప్రేమ్‌సాగర్


కరీంనగర్,
20 నవంబర్ 2024.

అన్నా,

నువ్వు నా అన్నవా, వకీలువా?

అవును, నేనే నింపాను. చాలా? జమునను కుర్చీలు తెమ్మని పంపించాను. ఆమె ఉంటే ఒక్కో గోలీకి ఒక కథ అడుగుతూ కూర్చుంటుందని పంపించాను. పక్కింటి ముసలాయన గోలీలు కూడా అదే చాపమీద ఉన్నాయి. అన్నీ తెల్లవే. ఎనిమిది సంచులు పది నిమిషాల్లో నింపాను. మా జట్టు ఎంత తొందరగా చేసిందో అని, ఎవరు నింపారో చూడకుండానే సార్ నా భుజం తట్టారు. ఆ తట్టినప్పుడు ఏం చప్పుడు వచ్చిందో నీ కైలాసం మామను పిలిచి వినిపించు.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? ‘ఆ పిల్లతో కాకుంటే నువ్వే చేసెయ్యి’ అని రాసింది ఎవరు? ఆ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. చేయకండి, చేయించండి అని బోర్డు మీద రాసిన సారే నింపమన్నారు. చేసెయ్యి అని నువ్వూ అన్నావు. అందరూ నాకు చెప్పేవాళ్ళే, ఇప్పుడు తప్పు మాత్రం నా ఒక్కదానిది. మామ భుజం మీద పెచ్చు వేసినవాడివి, నాకు నీతులు రాయటానికి నీకు కలం ఎట్లా వచ్చింది? ఆ ఓవర్‌మన్‌కు నువ్వు ఇప్పటికైనా చెప్పావా?

ప్రేయర్‌లో సార్ సంచి ఎత్తినప్పుడు నా చేయి ఇంత దాకా లేచింది. ఇంకో ఇంత లేస్తే సరిపోయేది. జమున అప్పటికే ముందుకు నడిచింది. నేను చేయి దించుకున్నాను. దానితో నా జుట్టు సర్దుకున్నాను అన్నా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

మొన్న సోమవారం వాళ్ళమ్మ వచ్చింది. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. ఆఫీసు ముందు చెప్పులు విడిచి లోపలికి పోయింది, సంతకం పెట్టింది. రేకు పెట్టె ఇద్దరూ చెరో వైపు పట్టుకొని చెన్నూరు బస్సుకు నడిచిపోయారు. నేను పై వరండాలో నుంచి చూశాను. ఇద్దరిలో ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు.

ఇంక రాయకు నాకు. నువ్వేమంటావో నాకు తెలుసు.


బెల్లంపల్లి,
24 నవంబర్ 2024.

ఉమా,

రాయకు అన్నావు, రాస్తున్నాను.

నేను నవ్వులకు రాసిన మాట నువ్వు పట్టుకున్నావు. అయినా రాసింది నేనే. అది నా తప్పు, అన్ననై ఉండి నీ తొందరను ఇంకా తొందర పెట్టాను. క్షమించు.

ఓవర్‌మన్‌కు చెప్పావా అని అడిగావు. నీకు ఉత్తరం డబ్బాలో వేసినాక అదే మాట నన్ను నేను అడుక్కున్నాను. ముప్పై సార్లు ఆ కప్పు కింద నుంచి నడిచాను, ముప్పై సార్లు నోరు మూసుకున్నాను. తెల్లారి పోయి చెప్పాను. చార్జిషీటు నా పేరు మీదికి వచ్చింది. మళ్ళీ పదిహేను రోజులు ట్రైనింగుకు పంపిస్తున్నారు. మామకు కోపం వచ్చింది. ‘నీ నోరు జర ఆగదారా? నేను రిటైరయ్యేటోన్ని, నాకేమైతది?’ అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన డబ్బాలోని చేపల కూర నా డబ్బాలో వేసి పోయాడు.

నీకు నీతి చెప్పటం లేదు. సార్ తప్పు సార్‌ది, నా తప్పు నాది. వాటిని మేము చూసుకుంటాం. నువ్వు దింపిన పిల్ల ఇంకా పైకి రాలేదు. అంతే నాకు తెలిసింది.

ప్రేమ్


కరీంనగర్,
21 డిసెంబర్ 2024, శనివారం.

అన్నకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే స్టాఫ్ రూముకు పోయాను. చెప్పాను. శ్రీహరి సార్ ముఖంలో నెత్తురు లేదు. ‘సరే ఉమా, ఇప్పుడు తెలిసింది గదా. గిది ఇక్కడితోని ఒడిసిపోనియ్యి’ అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. నింపమన్నది ఎవరని తరువాతి ప్రశ్న వస్తుంది కదా.

కానీ పక్కన కూర్చున్న మేడం విని ప్రిన్సిపాల్ పెద్ద మేడంకు చెప్పింది. పెద్ద మేడం ఏం చేసిందో తెలుసా? తెల్లారి ప్రేయర్‌లో నన్ను స్టేజీ మీదికి పిలిచి, తప్పు ఒప్పుకున్న ధైర్యశాలి అని పొగిడి, ఒక పుస్తకం చేతిలో పెట్టి అందరి చేత చప్పట్లు కొట్టించింది. జమునను నిలబెట్టిన చోటనే. అదే మైకు. ఆరు వందల మంది చప్పట్లు. జమున పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అబద్ధమాడిన నెల రోజులూ నాకు అంత సిగ్గు కాలేదు అన్నా. నాకు కళ్ళు బైర్లు కమ్మినాయి, కోపంతో.

మైకు తీసుకున్నాను. పుస్తకం భాష రాలేదు. ‘నాకు చప్పట్లు ఎందుకు మేడం? గోలీలు తప్పు నింపింది నేను, నెల రోజులు దాసిపెట్టింది నేను. ఏం చెయ్యని జమునను గీ జాగలనే నిలవెట్టి తిట్టిండ్రు. తప్పయిందని జమునకు గీ జాగలనే చెప్పుండ్రి. అప్పటిదాంక ఈ పుస్తకం నాకొద్దు’ అన్నాను. పుస్తకం స్టేజీ మీద పెట్టి దిగాను. నన్ను లాగటానికి వార్డెన్ మేడం లేచింది. అప్పుడు శ్రీహరి సార్ ఆమెను ఆపి మైకు దగ్గరికి వచ్చారు. ‘సంచులు నింపుమన్నది నేను. పిల్లల చేతికి మందులు ఇచ్చింది నేను. ఫోటో కోసం. ముందుగాల నేను చెప్పాలె తప్పయిందని’ అన్నారు. ఆయన మీద నా కోపం పూర్తిగా పోలేదు. కానీ ఆ రోజు ఆయన గొంతు ఖంగుమంది.

సార్ జమున తల్లికి ఉత్తరం రాశారు. నేనూ రాశాను. జరిగినదంతా రాసి, నీ గని పద్ధతి కూడా రాశాను, దింపినవాళ్ళు చివర ఎక్కాలని, నేను ముందే ఎక్కేశానని. జవాబు రాలేదు. పది రోజులకు రేకు పెట్టెతో తల్లీబిడ్డలే వచ్చారు. తల్లి నన్ను కింది నుంచి పైదాకా చూసి ‘నువ్వేనా ఉమక్కవు?’ అంది. ‘మా పిల్ల ఇంటికాడ ఒక్కనాడు నీ పేరు చెప్పలే. ఎందుకు చెప్పలేదే అంటే, అక్కనే చెప్తదనుకున్న అన్నది’ అంది. ఆమె కేకలు వేసి ఉంటే బాగుండేది.

సేవా జట్లు మళ్ళీ పెట్టారు. మందులు ఇప్పుడు ఆశా వర్కర్ తప్ప ఎవరూ ముట్టకూడదు. నన్ను జట్టు పెద్దల జాబితాలో నుంచి తీసేశారు. హైదరాబాద్‌కు మధులిక జట్టు పోతున్నది, పోనీ, చెట్లకు సున్నం బాగానే వేశారు. నేను జమున కింద సహాయకురాలిగా ఉంటానని అడిగి పెట్టించుకున్నాను. బ్యానర్ మీద జమున పేరు ఉందా అని నువ్వు అడిగావు కదా, అప్పుడు నీ మీద లేచాను. సొమ్మొకడిది సోకొకడిది అని రాసినదాన్ని, ఆ సోకు నాదే.

పోయిన శనివారం జమున నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆఁ, ఊఁ కూడా లేదు. ఈరోజు దేవవ్వ ఇంట్లో కూర్చున్నాం. ఆశా వర్కర్ గోలీలు పెట్టింది. జమున ‘ఇది ఎప్పుడు ఏసుకుంటవు అవ్వా?’ అని ఒక్కొక్కటీ అడిగింది. దేవవ్వ రాత్రి జేబు తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూసింది. ఆ చందమామను ఆమె ఇక ఒక్కసారి చూసి నమ్మదు. ఆ పాపం నాది. జమున గంటంబావు కూర్చుంది. నేను నోరెత్తలేదు. లేచేముందు సూదిదారం నా ఒళ్ళో పడేసి ‘నింపినప్పుడు దగ్గర కూసున్నోళ్ళు గూడ చుక్క పెట్టాలె’ అంది. పెట్టాను. ఆమె ఎర్ర చుక్క పక్కన నాది పల్లికాయంత వంకరగా వచ్చింది.

బస్తీ నుంచి బడికి వచ్చే దారిలో చిన్న ఇనుప గేటు ఉంది. ఎప్పుడూ నేనే ముందు దాటి, ‘జల్ది రావే’ అని అరిచేదాన్ని. ఈరోజు పక్కకు నిలబడి ఆమెను పొమ్మన్నాను. ఆమె కదలలేదు. గేటు రెక్క పట్టుకొని నిలబడింది.

‘నువ్వు నడువు అక్క. ఇయ్యాల నిన్ను తోలుకపోయింది నేను గదా’ అంది.

నేను దాటాను. నా వెనక ఆమె దాటి గేటు వేసింది.

నీ చెల్లె,
ఉమ